హెయిలీబరీ జాబులు: అర్థశాస్త్రబోధయు మన శిస్తుమాటయు

నెల్లూరికి వాయవ్యముగా, పెన్నానది కుత్తరమున, కనిగిరిచెఱువు నీటికి పండెడు మాగాణుల నడుమ బుచ్చిరెడ్డిపాలె మున్నది. ఆ మండలములోనిదే మినగల్లు. ఈ పల్లెయందు 1938వ సంవత్సరమున జన్మించిన బండి గోపాలరెడ్డిగారు బంగోరె యను సంక్షిప్తనామముతో పండితలోకమునకు పరిచితులు. చార్లెసు ఫిలిప్పు బ్రౌనుదొర జాబులను పాతకాగితముల కట్టలనుండి వెలికిఁ దీసి, ప్రతులు వ్రాసికొని, తెలుఁగువారికి చదువ వీలగునట్లు ప్రకటించినవారు వీరు. 1978లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ప్రకటించిన బ్రౌను సాహిత్యస్వీయచరిత్రకు జి. ఎన్. రెడ్డిగారితోఁ గలసి సంపాదకత్వము వహించిరి. 1982లో కీర్తిశేషులైరి.

వీరి గ్రంథములలో నొకదానికి ‘బ్రౌన్ జాబుల్లో స్థానిక చరిత్ర శకలాలు’ అని పేరు. ఆ పేరే యొక సూత్రమువంటిది. జాబు వ్రాయువాఁడు చరిత్రను వ్రాయుచున్నానని తలఁపఁడు. తన యక్కఱ తీఱుటకై వ్రాయును. కావుననే గ్రంథమున దాఁగిన సంగతి జాబున బయటపడును. గ్రంథమున సిద్ధాంతము నిలుకడగా నుండును. జాబునందో, అది యింకను కుదురుకొనక, సందేహములతో తడఁబడుచుండును.

బ్రౌనుదొర తెలుఁగు నేర్చిన విధము మనవారు పలుమాఱులు వ్రాసియున్నారు. తెలుఁగునకు ముందు నేర్చినదేమి యను ప్రశ్నము అంతగా విచారింపఁబడలేదు. 1817వ సంవత్సరము ఆగస్టు నెలలో మద్రాసున దిగుటకు ముందు అతఁడు చదివినది ఇంగ్లండులోని హెయిలీబరీ కళాశాల. అది తూర్పిండియా కంపెనీవారిది. మన జిల్లాలకు కలెక్టరులుగను, న్యాయాధికారులుగను వచ్చిన యువకులకు అర్థశాస్త్రమును బోధించిన స్థానమది. ఆ కళాశాలను గూర్చియు, అందుండి పోయిన జాబులును అందుకు వచ్చిన జాబులును నేఁడు నిలిచియున్న విధమును గూర్చియు, ఆ బోధనలోని రెండుమాటలు మన రైతుబ్రదుకుమీఁద పడిన తీరును గూర్చియు ఇందు వివరింపఁబూనితిని.

కళాశాల

వెల్లెస్లీ ప్రభువు 1800లో కలకత్తాయందు ఫోర్టువిలియము కళాశాలను నెలకొల్పెను. తమ యనుమతి లేకయే పెద్దవ్యయమునకు పూనెనని కంపెనీ డైరెక్టర్లు దానిని కుదించి, ఇంగ్లండులోనే తమ కళాశాలను స్థాపించిరి. 1806లో హర్టుఫర్డు కోటలో మొదలైన యీ విద్యాలయము 1809లో హెయిలీబరీయందలి స్వంతభవనములకు మాఱినది. ఇండియా కొలువు పరీక్షలమూలమున అందఱకును తెఱవఁబడిన పిమ్మట దీని యక్కఱ తీఱిపోయి, 1858 ప్రారంభమునాఁటికి మూయఁబడినది. ఈ యర్ధశతాబ్దిలో సుమారు రెండువేలమంది యువకు లిందు చదివి మనదేశమునకు వచ్చిరి.

చదువు రెండేండ్లు. సంస్కృతము, పారసీకము, హిందూస్తానీ మొదలగు ప్రాచ్యభాషలొక వంక; గణితము, ధర్మశాస్త్రము, చరిత్ర, అర్థశాస్త్రము మఱియొక వంక. తెలుఁగునకును ఇందు స్థానము దొరకినది. 1824 మొదలు ఫ్రాన్సిసు జాన్సను అను పండితుఁడు సంస్కృత వంగ తెలుఁగు భాషల యాచార్యుఁడుగా నుండెను. కాని బ్రౌను చదివిననాఁటికి ఆ యాచార్యత్వము లేదు. 1812లో ఎల్లిసుదొర మద్రాసున నెలకొల్పిన ఫోర్టు సెంటుజార్జి కళాశాలయందు వెలగపూడి కోదండరామపంతులుగారియొద్దనే బ్రౌనునకు తెలుఁగు అలవడినది.

అర్థశాస్త్రమునకు ఆచార్యుఁడు తామసు రాబర్టు మాల్థసు. 1798లో జనసంఖ్యను గూర్చిన గ్రంథము వ్రాసి విఖ్యాతిఁ గాంచిన యీతఁడు 1805లో ఈ పదవికి నియుక్తుఁడై, 1834 డిసెంబరులో మరణించువఱకును విడువలేదు. ఇంగ్లండులో అర్థశాస్త్రమునకు ఆచార్యపీఠము మొట్టమొదట ఏర్పడినది ఇచ్చటనే. ఆక్సుఫర్డులో అట్టి పీఠము 1825లోఁగాని రాలేదు. తన దేశపు విద్యార్థులకు విశ్వవిద్యాలయములందు చెప్పఁబడని శాస్త్రము, మనదేశమునేలఁబోవు పదునాఱు పదునేడేండ్ల బాలురకు చెప్పఁబడినదన్నమాట. జనసంఖ్యావాదమును బట్టి విద్యార్థు లాయనను ‘పాప్’ అని ముద్దుపేరుతో పిలుచుకొనెడివారఁట.

మూఁడువిధములైన లేఖలు

మన కచ్చేరీభాషలో పైవాఁడు క్రిందివానికి పంపునది తాకీదు. క్రిందివాఁడు పైవానికి పెట్టుకొనునది అర్జీ. సాటివాఁడు సాటివానికి వ్రాయునది జాబు. హెయిలీబరీ లేఖాసంచయమును వింగడించుటకు ఈ మూఁడుమాటలును చక్కగా సరిపోవుచున్నవి.

మొదటివి తాకీదులు. డైరెక్టర్ల నిర్ణయములు, కళాశాలాసభ కార్యవృత్తాంతములు, విద్యార్థుల ప్రవేశపత్రములు మొదలగునవి ఇండియా ఆఫీసు రికార్డులలో నొక ప్రత్యేకశ్రేణిగా లండనులోని బ్రిటిషు లైబ్రరీయందు భద్రపఱుపఁబడి యున్నవి. వీనియందు శాస్త్రచర్చ లేదు. ఎవరు చేరిరి, ఎవరు తేఱిరి, ఎవరు దండింపఁబడిరి అనునదియే కలదు. అయినను ఏ కలెక్టరు ఏ యేఁడు ఎవరి శిష్యుఁడో తేల్చుటకు ఇవియే యాధారము.

రెండవవి అర్జీలు. కళాశాలలో బాలురు పలుమాఱులు అల్లరి సలిపిరి. ఇంత వ్యయముతో నిట్టి విద్యాలయ మేల యని కంపెనీ వాటాదారులసభలో కొందఱు ఆక్షేపించిరి. మాల్థసు 1813లో గ్రెన్‌విల్ ప్రభువునకు బహిరంగలేఖ వ్రాసెను. 1817లో కళాశాలను సమర్థించుచు మఱియొక పుస్తకము ప్రకటించెను. ఆ వాదపు సారాంశ మిది: భాషలు మాత్రము నేర్చినవాఁడు దుబాసి కాఁగలఁడు గాని పాలకుఁడు కాఁజాలఁడు, కోట్లకొలఁది ప్రజల యాస్తికిని న్యాయమునకును బాధ్యుఁడగువానికి చరిత్రయు ధర్మమును అర్థశాస్త్రమును తెలియవలెను.

మూఁడవవి జాబులు. శాస్త్రమునకు ప్రాణము వీనియందే యున్నది. 1811 మొదలు 1823వఱకు మాల్థసునకును డేవిడు రికార్డోకును జరిగిన యుత్తరప్రత్యుత్తరములు అర్థశాస్త్రచరిత్రలో మిక్కిలి ప్రసిద్ధములు. ఒకఁడు ఉపాధ్యాయుఁడు, ఒకఁడు లండను విపణిలో ధనమార్జించిన వ్యాపారి. ధాన్యపుధర, నాణెము, లాభము, భూమిపై వచ్చు రెంటు మొదలగు విషయములం దిరువురకును ఏకీభావము అరుదు. అయినను పండ్రెండేండ్లలో స్నేహము చెడలేదు. రికార్డో చనిపోవుటకు కొలఁదిదినములు ముందు వ్రాసిన చివరిజాబునందును ఆ యభిప్రాయభేదమును, ఆ స్నేహమును రెండును నిండుగా కానవచ్చును.

ఈ జాబుల చరిత్రలో నొక విశేషము గమనింపఁదగినది. రికార్డో వ్రాసిన జాబులు 1887లోనే జేమ్సు బోనరుచే ప్రకటింపఁబడినవి. మాల్థసు పంపిన ప్రత్యుత్తరములు చాలవఱకు అప్పటికి కనుపట్టలేదు. అవి రికార్డోవంశీయుల కాగితములలోనుండి బయల్పడి, పియెరో స్రాఫా సంపాదకత్వమున 1952లో రికార్డోజాబుల ప్రక్కన అచ్చైనవి. ఈ నడుమ అఱువదియైదేండ్లపాటు లోకము వాదమును ఒక పక్షము నోటనే వినినది. మాల్థసు తార్కికుఁడు కాఁడను నపవాదు ప్రబలుటకు ఇదియు నొక కారణమై యుండవచ్చును. అతని యింటనుండిన మఱికొన్ని కాగితములు జపానుదేశములోని కాంటో గకుయెన్ విశ్వవిద్యాలయమునకు చేరి, 1997లోను 2004లోను రెండు సంపుటములుగ వెలువడినవి. ఇండియాకొలువునకు బాలురను దిద్దిన యుపాధ్యాయుని కాగితములు అంతదూరము పోయి రక్షింపఁబడినవి.

తరగతిగదిలో పుట్టిన ‘రెంటు’

1815 ఫిబ్రవరిలో మాల్థసు రెంటును గూర్చి యొక చిన్నపుస్తకము ప్రకటించెను. కళాశాలయందు తన బోధనకార్యములో సమకూర్చికొనిన టిప్పణముల సారమే యిది యని దాని తొలిపలుకులో నతఁడే చెప్పుకొనెను. ఆ నెలలోనే రికార్డో పుస్తకమును వెలువడినది. నేఁటి విశ్వవిద్యాలయములలో రికార్డో పేరిట చెప్పఁబడు రెంటుసిద్ధాంతము ఒక వంక ఈ తరగతిగదినుండియే వచ్చినది. అది వెలువడిన రెండేండ్లకు బ్రౌనుదొర మద్రాసునందు దిగెను.

ఆ సిద్ధాంతమును మన పెన్నకాలువ క్రింది పొలములకు అన్వయించి చూతము. ఇది బోధకొఱకైన యూహ మాత్రమే. రెండు పొలము లున్నవనుకొందము. రెంటికిని విత్తనము, ఎద్దులు, ఎరువు, సేద్యము చేయువాని గ్రాసము అన్నియుఁ గలిపి రెండేసిపుట్ల ధాన్యము వ్యయమగును. మొదటి పొలమున మూఁడుపుట్లు పండును, రెండవదాన రెండుపుట్లే. రెండవ పొలమువాఁడు పెట్టినది రాఁబట్టుకొనును. మొదటి పొలమున నొకపుట్టి మిగులును. ఆ మిగులే ‘రెంటు’. ధాన్యమునకు గిరాకి హెచ్చి, ఇంకను చవిటినేలలు సాగునకు వచ్చినకొలఁది మంచినేలమీఁది మిగులు పెరుగుచుండును. ధర హెచ్చుటచే రెంటు పుట్టుచున్నది గాని రెంటుచే ధర హెచ్చుటలేదు.

ఇంతవఱకు మాల్థసునకును రికార్డోకును పెద్దభేదము లేదు. ఆ మిగులు ప్రకృతి యిచ్చిన వరమని మాల్థసు. నేల పిసినితనమువలన పుట్టినదేగాని వరము కాదని రికార్డో. జాబులలో పోరు దీనిమీఁదనే సాగినది. అయితే ఈ సిద్ధాంతమునుండి లండనులోని ఇండియా హౌసున నొక యుపసిద్ధాంతము మొలచినది. 1819లో అందు కొలువున చేరిన జేమ్సు మిల్లు ఇట్లు తలఁచెను: రెంటు సేద్యమునకు అక్కఱలేని మిగులు, దానిని భూస్వామి తినినను ప్రభుత్వము తీసికొనినను సాగు చెడదు, ఇండియాలో ప్రభుత్వమే భూస్వామివంటిది, కావున రెంటునే పన్నుగా గైకొన్నచో నెవ్వరికిని హానిలేదు.

వినుటకు నిర్దుష్టముగా నున్నది. దోషము మాటలో నున్నది.

మాట తెచ్చిన చిక్కు

ఇంగ్లీషు ‘రెంటు’నకు మన కచ్చేరీలలో సమానముగా నిలిచినది శిస్తు. కాని తెలుఁగునాఁట శిస్తు ఏ నాఁడును మిగులు కాదు. మద్రాసు రాజధానియందలి పాత వాడుకలో పంటను మేలువారము, కుడివారము అని విభజించెడివారు. మేలువారము ప్రభువుది, కుడివారము రైతుది. ఈ భాగము సకలవ్యయములును పోఁగా మిగిలినదానిలో కాదు. కళ్లమునందున్న మొత్తపు రాశిలో.

పై యుదాహరణమునే మరలఁ జూడుఁడు. సిద్ధాంతము ప్రకారము మొదటి పొలము పన్ను ఒకపుట్టి. రెండవదానికి పన్నే లేదు. పంటలో సగము ప్రభువుదను వాడుక ప్రకారము మొదటి పొలము ఒకటిన్నరపుట్టి యిచ్చి ఒకటిన్నరపుట్టి మిగుల్చుకొనును. వ్యయమునకు అరపుట్టి కొఱత. రెండవ పొలము ఒకపుట్టి యిచ్చి ఒకపుట్టియే మిగుల్చుకొనును, ఒకపుట్టి కొఱత. ఈ కొఱత యెట్లు పూడును? వ్యయములో రైతు గ్రాసమును చేరియున్నది గదా! తనకూటినుండియు, ఎద్దులమేఁతనుండియు, మఱుసటియేఁటి విత్తనమునుండియు పూడవలెను. నేల యెంత చెడ్డదైన నంత బరువు రైతుమీఁద పడును. సిద్ధాంతమునందలి రెంటునకు సరిగా వ్యతిరేకమైన ఫలమిది. రెండును ఒకే మాటతో పిలువఁబడినందున రెండవదాని చేఁతకు మొదటిదాని మంచిపేరు అంటుకొనినది.

ఈ సంగతి హెయిలీబరీలోనే పట్టువడుట వింత. మాల్థసు తరువాత 1835లో ఆ పీఠమునకు వచ్చినవాఁడు రిచర్డు జోన్సు. 1831లోనే యితఁడు రెంటును గూర్చి యొక గ్రంథము వ్రాసి, రికార్డో సిద్ధాంతము ఇంగ్లండువంటి స్వల్పప్రదేశమునకే చెల్లునని వాదించెను. లోకములోని అధికభాగమున భూమిపై చెల్లింపు మిగులునుబట్టి కాక, ఆచారమునుబట్టియు ప్రభుశక్తినిబట్టియు ఏర్పడునని యతని మతము. రష్యాది దేశముల సేవకరెంటు, ఫ్రాన్సు మొదలగుచోట్ల పాలిరెంటు, ఐర్లండు గుడిసెవాండ్ర రెంటు అని వింగడించుచు, ఆసియాదేశములకు ‘రైతురెంటు’ అని యొక తెగ నేర్పఱచెను. మన ‘రైతు’మాట అట్లు ఇంగ్లీషు అర్థశాస్త్రమున నొక వర్గమునకు పేరైనది. బ్రదుకుటకు వేఱుదారి లేనివాఁడు నేలను విడువలేక ప్రభువడిగినది చెల్లించుటయే రైతురెంటు. దానికి మేర ప్రభువుయొక్క మితమేగాని నేలసారము కాదు. 1855లో మరణించుటకు కొలఁదికాలము ముందువఱకు హెయిలీబరీ విద్యార్థులకు జోన్సు బోధించిన దిదియే. కాఁబట్టి 1834కు ముందు వచ్చిన కలెక్టరును, 1835కు తరువాత వచ్చిన కలెక్టరును ఒకే కళాశాలవారైనను ఒకే పాఠము విన్నవారు కారు.

పాఠము నేలమీఁదికి వచ్చినప్పుడేమి జరిగినదో చెప్పుటకు ప్రింగిలుదొర కథ చాలును. రాబర్టు కీత్ ప్రింగిలు హెయిలీబరీలో మాల్థసుచెంత పేరుగాంచిన శిష్యుఁడు. 1820-30 దశాబ్ది యంతమున పూనాప్రాంతమున ఇతఁడు భూములను కొలిపించి, తరగతులుగ నేర్పఱచి, వ్యయములు పోఁగా నికరమెంతో లెక్కకట్టి, దానిపై శిస్తు విధించెను. లెక్క సిద్ధాంతరీత్యా సుందరము. కాని వేలకొలఁది పొలముల వ్యయమును పంటను కచ్చేరీయుద్యోగులు వ్రాసిన యంకెలనుబట్టియే కట్టవలసివచ్చెను. ఆ యంకెలు తప్పులతో నిండియుండెను. శిస్తు తలకు మించెను. రైతులు పలుచోట్ల నేలలు విడిచిరి. 1835 మొదలు గోల్డుస్మిడ్, వింగేటుదొరలు దానిని విడిచి, అనుభవమును నమ్మి కొత్త పైమాయిషీ నడపిరి.

దీనికి ప్రతిగా మన్రోదొరను తలఁచుకొనవలెను. అతఁడు హెయిలీబరీ చదువు చదువలేదు. 1780లో సిపాయికొలువున వచ్చినవాఁడు. దత్తమండలములందు ఏడేండ్లు డేరాలలో నుండి రైతులతో మాటలాడి, తాను కట్టించిన శిస్తులో నాలుగవవంతు తగ్గింపవలెనని 1807లో కోరెను. మిగులెంతయని కాక, రైతునకేమి మిగులవలెనని యతఁడు చూచెను. ఆ తగ్గింపునకు కంపెనీవారు వెంటనే యొప్పుకొనలేదు. అతఁడు 1820లో గవర్నరై వచ్చిన పిమ్మటఁగాని యది యమలుకాలేదు. కర్ణాటకనవాబు రాజ్యముతో 1801లో కంపెనీవశమైన నెల్లూరుసీమయు పిదప రైతువారీ పద్ధతి క్రిందికే వచ్చినది.

కొఱతయా, కఱవా

రెండవమాట మఱింత కఠినమైనది. మాల్థసు తరగతిలో పాఠ్యగ్రంథము ఆదాము స్మిత్తు వ్రాసిన ‘దేశముల సంపద’. ఇన్‌వెరారిటీ యను విద్యార్థి 1830 ప్రాంతమున వ్రాసికొనిన కాగితములు నిలిచియున్నవి. వీనిని 1981లో పుల్లెను పండితుఁడు ప్రకటించెను. ఆ గ్రంథముమీఁద ఆచార్యుఁ డడుగు ప్రశ్నలును సమాధానములును అందుండుటచే బోధనారీతి కొంత తెలియుచున్నది.

స్మిత్తు ధాన్యవ్యాపారప్రకరణమున రెండుమాటలను వేఱుపఱచెను. పంటతక్కువచే ధర హెచ్చుట కొఱత. జనులు తిండిలేక నశించుట కఱవు. కొఱతయందు వర్తకుల జోలికి పోరాదు; ధర హెచ్చుటయే జనులను పొదుపు చేయించి ధాన్యమును కోఁతవఱకు నిలుపును; ప్రభుత్వము అడ్డుపడినయెడల కొఱతయే కఱవగును. 1770 నాఁటి వంగదేశపు మహాక్షామమును సైత మతఁడీ సందర్భమున నెత్తుకొని, వడ్లవ్యాపారమున కంపెనీయుద్యోగులు చేసిన చేటునియమములు కొఱతను కఱవుగా మార్చుటకు తోడ్పడియుండునని నిందించెను. కంపెనీవారి కళాశాలలో కంపెనీని నిందించు గ్రంథమే పాఠమగుట యొక చిత్రము. విద్యార్థులకు పట్టువడినది ఆ నింద కాదు; జోలికి పోరాదను సూత్రము.

1832-33లో గుంటూరుసీమయందు నందననామసంవత్సరపు కఱవు వచ్చినది. సుమారు ఐదులక్షల జనములో లక్షన్నర మొదలు రెండులక్షలవఱకు నశించిరని లెక్కలు కలవు. ఆ కాలమున ఆ వంక ఉద్యోగమున నుండిన బ్రౌనుదొర, పైవారు కొఱత యని వ్రాయుచుండఁగా తాను కఱవు అనియే వ్రాసి, వారి యనిష్టమునకు పాత్రుఁడయ్యెనని యతని చరిత్రకారులు చెప్పుదురు.

ఇది కేవలము నిఘంటుకారుని పట్టుదల యని మనము తలఁపవచ్చును. హెయిలీబరీ పాఠ మెఱిఁగినవారికి అట్లు తోఁపదు. కచ్చేరీజాబులో కొఱత యని వ్రాసినచో శాస్త్రప్రకారము చేయవలసిన దేమియు లేదు, ధరయే చూచుకొనును. కఱవు అని వ్రాసినచో ధాన్యము తెప్పింపవలెను, గంజి పోయింపవలెను, శిస్తు నిలుపవలెను. ఒక్క మాట మాఱినచో ఖజానా తెఱవవలసివచ్చును. బ్రౌను తెలుఁగునకు ముందు చదివినది ఈ పాఠము. తెలుఁగు నేర్చినపిమ్మట చూచినది గుంటూరి దారులలోని శవములు. రెంటి నడుమ ఆయన రెండవదానినే నమ్మెను. 1852లో అచ్చైన యాతని జిల్లానిఘంటువు, 1854లో వెలువడిన మిశ్రభాషానిఘంటువు కచ్చేరీమాటల యర్థములను తేల్చుటకే పుట్టినవి. వాని వెనుక నిట్టి యనుభవ మున్నదని తలఁచుట యసంగతము కాదేమో.

నాలుగవజాబు

ఇంతవఱకు తాకీదులు, అర్జీలు, జాబులు అని మూఁడుతెగలు చూచితిమి. రెంటును గూర్చి యాచార్యుఁడు వ్యాపారికి వ్రాసెను. కళాశాలను గూర్చి ప్రభువునకు వ్రాసెను. డైరెక్టర్లు ఆచార్యులకు వ్రాసిరి. ఎవని నేలమీఁది రెంటునుగూర్చి యీ చర్చయంతయు జరిగినదో ఆ రైతుజాబు హెయిలీబరీ కట్టలలో లేదు. ఉండుటకు వీలును లేదు. రికార్డో జాబులు మాత్రము చదివిన లోకము అఱువదియైదేండ్లు మాల్థసును తప్పుగా తలఁచినట్లే, తాకీదులు మాత్రము చదివిన మనము శిస్తుచరిత్రను ఒక పక్షపునోటనే వినుచున్నాము.

ఆ నాలుగవజాబు మన జిల్లాలలోనే వెదకఁదగినది. శిస్తు తగ్గింపుమని పెట్టుకొనిన అర్జీల నకళ్లు, కరణముల కవిలెలు, కౌలుపత్రములు, ముచ్చిలికలు మొదలగునవియే రైతుపక్షపు ప్రత్యుత్తరములు. ఆంధ్రప్రదేశమున వంశపారంపర్య కరణీకము 1984లో రద్దయినది. కచ్చేరీకి చేరని కాగితములు పాతయిండ్ల యటకలమీఁద నున్నచోట్ల, వానిని చదువఁగలవారు ఏఁటేఁట తగ్గుచున్నారు. మోడి, గొలుసుకట్టు వ్రాఁత చదువనేర్చిన పండితుఁడొకఁడు కన్నుమూసినచో ఒక కట్ట మూఁగవోవును.

పాఠశాలల పండితులకు ఈ సందర్భమున మూఁడు విన్నపములు. మొదటిది: కట్టను విప్పినప్పుడు దానిలోని క్రమమును చెఱుపరాదు, ఏ యర్జీకి ఏ తాకీదు ప్రత్యుత్తరమో ఆ క్రమమే చెప్పును. రెండవది: ప్రతి వ్రాయునప్పుడు మాటలను శిష్టభాషకు దిద్దరాదు. శిస్తు, కిస్తు, మక్తా, గుత్త, కౌలు, దస్తు మొదలగునవి పర్యాయపదములు కావు. ఒకదానికి మాఱుగ నొకటి వ్రాసినచో ‘రెంటు’నకు పట్టిన గతియే పట్టును. మూఁడవది: కొఱత, కఱవు, ముంపు, ఎండు అను మాటలు కనుపించినచోట నెల్ల, తేదీని, ఊరిపేరును, వ్రాసినవాని పదవిని కూడ వ్రాసికొనవలెను, ఆ మాటను ఎవరు ఎవరికి వ్రాసిరన్నదే యందు ముఖ్యము.

కట్టమంచి రామలింగారెడ్డిగారు తెలుఁగున అర్థశాస్త్రమును వ్రాసినది మొదలు నేఁటివఱకు మనకు పారిభాషికపదములు చాల నేర్పడినవి. వానిలో పెక్కు ఇంగ్లీషుమాటకు సరిపడునట్లు కూర్చినవి. రైతుకాగితములలోని మాటలు వెలికివచ్చినచో, మన నేల మన వ్యవహారమునకు పెట్టుకొనిన పేర్లు తెలియును. వానిలో కొన్నిటికి ఇంగ్లీషున మాటయే యుండదు.

మినగల్లులో పుట్టిన యొక వ్యక్తి బ్రౌనుజాబులను వెదకి తెచ్చి, కడపజిల్లా పల్లెల చరిత్రను వానిలో చూపిరి. మినగల్లు, బుచ్చిరెడ్డిపాలెము, జొన్నవాడ, రేబాల మొదలగు పెన్నాతీరపు గ్రామముల అర్జీలును కవిలెలును అట్లే వెదకువారికొఱకు వేచియున్నవి. ఈ వ్యాసమును చదివిన పండితులలో నెవ్వరైన నొక్క కట్టను విప్పి ప్రతి వ్రాసినయెడల నా శ్రమ ఫలించినదని యెంతును. ఇందలి లోపములను విజ్ఞులు తెలిపి సవరింతురుగాక.